వెనక యాక్సిలూ గేర్‌బాక్సూ: రెండింటికీ ఒకే లెక్క

(అనంతపురంలో మెకానిక్కులు, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. షెడ్లు తొందరగా మూసి వచ్చిన మెకానిక్ సోదరులకు, పాలిటెక్నిక్, ఐటీఐ విద్యార్థులకు, లోడు దించి ఇటే వచ్చిన డ్రైవరన్నలకు వందనాలు.

పికప్ అనగానే మన కళ్ల ముందు మెదిలేది చీనీకాయలో టమాటా బాక్సులో ఎత్తుకుని తెల్లవారుజామున మార్కెట్టుకు పోయే బండి. అమెరికాలో అదే ఆకారంలో, బరువు కోసం కాక వేగం కోసమే కట్టిన పికప్పులు కొన్ని ఉన్నాయి. ఇక్కడ కూడా ఇప్పుడు ఇసుజు వీ-క్రాస్, టొయోటా హైలక్స్ వంటి బండ్లు కొనుక్కున్న యువకులు మన షెడ్లకు వచ్చి, ఇంకా కొంచెం చురుగ్గా లాగేలా చేయమని అడుగుతున్నారు. వీ-క్రాస్ తయారయ్యేది మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో. అటువంటి బండి యజమాని క్రౌన్ (వెనక యాక్సిల్‌లో చక్రాలను తిప్పే పెద్ద పళ్ల చక్రం) మార్చమన్నప్పుడు మనం ఏమి లెక్క వేసి సమాధానం చెప్పాలన్నది నేటి నా అంశం. నా మాట ముందే చెబుతాను: వెనక యాక్సిల్ నిష్పత్తినీ (చక్రం ఒక చుట్టు తిరగడానికి గేర్‌బాక్సు నుంచి వచ్చే షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క) గేర్‌బాక్సునూ వేర్వేరు పనులుగా చూసినంత కాలం మన చేతి కింద బండ్లు చెడిపోతూనే ఉంటాయి.

ఉదాహరణకు ఒక బండిని తీసుకుందాం. ఫోర్డ్ కంపెనీ 1999లో ఎఫ్-150 లైట్నింగ్ రెండో తరాన్ని విడుదల చేసింది. దాని 5.4 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌కు ఎక్కువ గాలిని నెట్టే సూపర్‌ఛార్జర్ బిగించి 360 హార్స్‌పవర్, దాదాపు 597 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) రాబట్టారు. వెనక ఉన్నది 4ఆర్100 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు. దాని నిష్పత్తులు, అంటే బయటి షాఫ్టు ఒక చుట్టుకు ఇంజన్ తిరిగే చుట్లు, 2.71, 1.54, 1.00, 0.71. యాక్సిల్ నిష్పత్తి 3.55. రెండేళ్లు తిరగకముందే, 2001 మోడల్‌లో ఇంజన్‌ను 380 హార్స్‌పవర్‌కు పెంచుతూ యాక్సిల్‌ను 3.73కు మార్చారు. గేర్‌బాక్సు మాత్రం అదే. ఆ తర్వాత దాని యజమానులు ఎందరో ఇంకా ముందుకు పోయి 4.10 వేయించుకున్నారు. ఒకే బండి, ఒకే గేర్‌బాక్సు, మూడు క్రౌన్లు కాబట్టి లెక్క నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

నిష్పత్తి అంటే పళ్ల లెక్కే. క్రౌన్‌కు 39 పళ్లు, దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రమైన పినియన్‌కు 11 ఉంటే 3.55. క్రౌన్‌కు 41, పినియన్‌కు 11 ఉంటే 3.73. అదే 41కి పినియన్ పళ్లు 10 అయితే 4.10, తొమ్మిదైతే 4.56. వీటిని మూసి ఉంచే హౌసింగ్ అదే, క్రౌన్ వ్యాసం అదే కాబట్టి నిష్పత్తి పెరిగేకొద్దీ చిన్నదయ్యేది పినియనే. ఒకేసారి బరువు పంచుకునే పళ్లు తగ్గుతాయి, పినియన్ తల సన్నబడుతుంది. ఎక్కువ నిష్పత్తి అంటే ఎక్కువ బలమని అనుకునే కుర్రవాళ్లకు నేను ముందుగా రెండు పినియన్లను పక్కపక్కన పెట్టి చూపిస్తాను. చక్రానికి అందే బలం పెరుగుతుంది, నిజమే. దాన్ని మోసే లోహం మాత్రం తగ్గుతుంది.

ఇప్పుడు లైట్నింగ్ మీద లెక్క వేద్దాం. దాని 295/45 ఆర్18 టైరు వ్యాసం సుమారు 72 సెంటీమీటర్లు, చుట్టుకొలత సుమారు 2.27 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం నిమిషానికి 734 చుట్లు తిరుగుతుంది. నాలుగో గేరులో 3.55 క్రౌన్‌తో ఇంజన్ 1850 చుట్లు, 4.10తో 2137 చుట్లు తిరుగుతుంది. మొదటి గేరులో 2.71ని 3.55తో గుణిస్తే 9.6, 4.10తో గుణిస్తే 11.1. అంటే చక్రం దగ్గర బలం 15 శాతానికి పైగా పెరిగింది, ఇంజన్ చుట్లూ అంతే పెరిగాయి. జాతీయ రహదారి 44 మీద అనంతపురం నుంచి బెంగళూరు దాకా ఒకే వేగంతో పోయేవాడికి ఈ అదనపు చుట్లు డీజిల్ ఖర్చుగానూ చెవిలో హోరుగానూ తెలుస్తాయి. సిగ్నల్ దగ్గర ఆగి కదిలేవాడికీ ఘాట్ ఎక్కేవాడికీ అవే చుట్లు మేలు చేస్తాయి. అందుకే నేను ముందు బండిని కాదు, అది తిరిగే దారి గురించి అడుగుతాను.

ఇక గేర్‌బాక్సు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది. యాక్సిల్ నిష్పత్తి మారిస్తే అన్ని గేర్లూ ఒకే శాతంలో పెరుగుతాయి, గేరుకూ గేరుకూ మధ్య ఉన్న ఎడం మాత్రం అలాగే ఉంటుంది. 4ఆర్100లో మొదటి గేరు నుంచి రెండో గేరుకు పోయినప్పుడు 5000 చుట్ల మీద ఉన్న ఇంజన్ 2840కి పడిపోతుంది. మీరు 3.55 వేసినా 4.56 వేసినా ఆ పడటం అంతే. ఆ గుంతను పూడ్చేది గేర్‌బాక్సు ఒక్కటే. ఫోర్డ్, జనరల్ మోటార్స్ కలిసి రూపొందించిన పది గేర్ల ఆటోమేటిక్‌ను ఫోర్డ్ 2017 రాప్టర్ పికప్‌లో పెట్టింది. దానిలో మొదటి గేరు 4.69, రెండోది 2.98, మూడోది 2.14, నాలుగోది 1.76. మూడు నుంచి నాలుగుకు పోతే చుట్లు ఐదో వంతు కూడా పడవు. పై గేర్లలో చివరిది 0.63 దగ్గర ఉంటుంది కాబట్టి రహదారి మీద ఇంజన్ నిమ్మళంగానూ ఉంటుంది. ఆ మొదటి గేరును పాత 3.55 క్రౌన్‌తో గుణించినా 16.6 వస్తుంది, నాలుగు గేర్ల బండికి 4.10 వేసినా 11 దగ్గరే ఆగిపోయిందని ఇందాకే చూశాం.

దీన్నిబట్టి నేను అనుసరించే పద్ధతి ఇది. బండికి నాలుగు గేర్లే ఉండి, గేర్‌బాక్సు మార్చే స్తోమత యజమానికి లేకపోతే క్రౌన్ మార్చడం న్యాయమైన పని. ఆరు గేర్లో అంతకు మించో ఉన్న బండికి, పెద్ద టైర్లు వేసి ఉంటే తప్ప, క్రౌన్ జోలికి పోవద్దని చెబుతాను. మొత్తం గేర్‌బాక్సే మార్చాలనుకునేవాడు ముందు గేర్‌బాక్సు నిర్ణయించుకుని, దానికి తగిన క్రౌన్‌ను తర్వాత ఎంచుకోవాలి. మన దగ్గర ఇది తలకిందులుగా జరుగుతోంది. క్రౌన్ చౌక కనుక దాన్ని ముందు వేస్తారు. ఆరు నెలలకు గేర్‌బాక్సు మార్చి, చుట్లు మరీ ఎక్కువయ్యాయని పాత క్రౌన్ కోసం వెతుక్కుంటూ వస్తారు.

ఆటోమేటిక్ గేర్‌బాక్సును బలపరచడమంటే లోపలి క్లచ్ ప్లేట్లను ఎక్కువ బలాన్ని మోసే రకానికి మార్చడం, ఆయిల్ ఒత్తిడి సరిచేయడం, ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే కన్వర్టర్‌ను ఇంజన్ స్వభావానికి తగినట్టు ఎంచుకోవడం. కానీ అన్నిటికంటే ముందు ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ గురించి ఆలోచించాలి. కన్వర్టర్ జారిన ప్రతిసారీ పోయిన బలమంతా ఆయిల్‌లో వేడిగా చేరుతుంది. మే నెలలో మన ఊరి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చల్లని దేశానికి సరిపోయే కూలర్ ఇక్కడ సరిపోదు. ఆయిల్ తీసి వాసన చూడండి. మాడిన వాసన వస్తే ప్లేట్లు మార్చినంత మాత్రాన ప్రయోజనం లేదు, వేడి ఎందుకు పుట్టిందో కనిపెట్టాలి.

ఇప్పుడు నా మనసులో ఏళ్ల తరబడి ఉండిపోయిన ఒక విషయం చెబుతాను. నేను షెడ్ పెట్టిన కొత్తలో ఒక పికప్‌కు క్రౌన్, పినియన్ జత మార్చాను. పాత పినియన్ కింద ఉన్న షిమ్‌నే (లోతు సరిచేసే పలుచని రేకు) కొత్తదానికి వేశాను. పళ్లకు రంగు పూసి, అవి ఎక్కడ ఆనుతున్నాయో చెప్పే ముద్ర చూడలేదు. పని త్వరగా అయిందని సంతోషించాను. వారానికి డ్రైవర్ తిరిగి వచ్చి, "అన్నా, ఎత్తుకు తొక్కితే ఏడుస్తాంది, కాలు తీస్తే నిమ్మళంగా ఉంటాంది" అన్నాడు. కొత్త గేర్లు, అరిగి సర్దుకుంటాయని చెప్పి పంపించాను. మరో పది రోజులకు ఆ బండి సిమెంటు మూటలతో కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతూ మలుపులో ఆగిపోయింది. క్లీనర్ దూకి చక్రం కింద రాయి పెట్టకపోతే ఏమయ్యేదో తలచుకోవడానికి ఇప్పటికీ భయమేస్తుంది. నేను సాయంత్రానికి అక్కడికి చేరి హౌసింగ్ ఆయిల్ దించితే అది వెండి రంగు కలిపినట్టు మెరుస్తూ వచ్చింది. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి పినియన్ పన్ను ముక్క అంటుకుని ఉంది. క్రౌన్ పళ్లను గుడ్డతో తుడిచి చూస్తే, మధ్యలో పడాల్సిన మెరుపు పై అంచున సన్నని గీతగా పడి ఉంది. మొత్తం బరువు ఆ గీత మీదే నిలిచిందన్నమాట. డ్రైవర్ నన్ను తిట్టలేదు. "నువ్వు చెప్పినావనే ఎక్కించినా అన్నా" అన్నాడు, అంతే.

కాబట్టి ఈ భాగాన్ని దయచేసి శ్రద్ధగా వినండి. పినియన్ లోతు, బేరింగుల బిగువు, పళ్ల మధ్య ప్లే (వదులు), ముద్ర అనే ఈ నాలుగింటిలో ఒకదాన్ని కదిలిస్తే మిగిలినవీ కదులుతాయి. కొత్త పినియన్ తల మీద కొన్నిసార్లు ప్లస్, మైనస్ అంకె చెక్కి ఉంటుంది. అది ఆ ముక్క ప్రమాణానికి ఎంత ఎడంగా తయారైందో చెప్పే గుర్తు. పాత పినియన్ అంకెతో దాన్ని పోల్చి షిమ్ లెక్క మొదలుపెట్టాలి. బేరింగుల బిగువుకు క్రష్ స్లీవ్ (బిగించేకొద్దీ నలిగే గొట్టం) వాడే హౌసింగుల్లో నట్టును కొంచెం కొంచెంగా బిగిస్తూ, ప్రతిసారీ పినియన్ ఎంత బరువుగా తిరుగుతోందో కొలవాలి. ఎక్కువ బిగిస్తే నట్టు వెనక్కి తిప్పడం పరిష్కారం కాదు, నలిగిన స్లీవ్ తీసేసి కొత్తది వేయాల్సిందే. ప్లే చాలా బండ్లకు 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. చేత్తో ఊపి చూసి సరిపోయిందనకండి. డయల్ గేజ్ (సన్నని కదలికను కొలిచే పరికరం) పెట్టి క్రౌన్ చుట్టూ నాలుగు చోట్ల కొలవండి. కచ్చితమైన అంకెకు ఆ బండి మాన్యువలే ప్రమాణం.

తర్వాత క్రౌన్‌కు మూడు నాలుగు పళ్ల మీద పసుపు మార్కింగ్ పేస్టు పూసి, క్రౌన్‌ను చెక్కముక్కతో కొంచెం ఆపుతూ పినియన్‌ను రెండు వైపులా తిప్పండి. ముద్ర పన్ను పై అంచున పడితే పినియన్ క్రౌన్‌కు దూరంగా ఉంది, షిమ్ పెంచాలి. పన్ను మొదట్లో, లోతున పడితే పినియన్ మరీ లోపలికి వచ్చింది, షిమ్ తగ్గించాలి. పినియన్ తల కింద షిమ్ వేసే హౌసింగుల సంగతి ఇది. ముద్ర పంటి ఎత్తుకు మధ్యలో, పొడవులో లోపలి చివర వైపు కొంచెం ఒరిగి ఉంటే మంచిది, ఎందుకంటే లోడు పడినప్పుడు హౌసింగ్ కాస్త వంగి ఆ ముద్ర బయటి చివరకు జరుగుతుంది. ఒక్క జత సెట్ చేయడానికి నాలుగుసార్లు ఊడదీసి బిగించిన రోజులు నాకు ఉన్నాయి. ఆ సమయానికి కూలి అడగడానికి మొహమాటపడవద్దు. యజమానికి రంగు ముద్ర ఫొటో తీసి చూపించండి, ఆయనకే అర్థమవుతుంది.

బిగించాక మొదట 20 నిమిషాలు లోడు లేకుండా నిదానంగా నడిపి పూర్తిగా చల్లారనివ్వాలి. అలా రెండు మూడుసార్లు చేయాలి. సుమారు 800 కిలోమీటర్ల వరకు బరువు ఎక్కించకుండా నడిపి, అప్పుడు ఆయిల్ మార్చాలి. మొదటి ఆయిల్‌లో సన్నని లోహపు పొడి తప్పకుండా వస్తుంది. క్రౌన్, పినియన్లకు ఉండే హైపాయిడ్ రకం వంకర పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి కాబట్టి యాక్సిల్‌కు జీఎల్-5 రకం ఆయిల్ అవసరం. అదే డబ్బాలోని ఆయిల్‌ను మాన్యువల్ గేర్‌బాక్సులో పోయడం మన షెడ్లలో మామూలైపోయింది. చాలా గేర్‌బాక్సులకు జీఎల్-4 చెబుతారు, గేర్లు మెత్తగా పడేలా చేసే ఇత్తడి సింక్రోనైజర్ రింగులకు జీఎల్-5 రకాలు కొన్ని హాని చేస్తాయి.

మిగిలినవి త్వరగా చెబుతాను. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి వెనక క్రౌన్ మార్చితే ముందుదీ అదే నిష్పత్తికి మార్చాలి, లేకపోతే ఫోర్ వీల్ వేసినప్పుడు రెండు యాక్సిళ్లూ ఒకదానితో ఒకటి పెనుగులాడి, వాటికి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు చెడిపోతుంది. 72 సెంటీమీటర్ల టైరు తీసి 80 సెంటీమీటర్లది వేస్తే 4.10 క్రౌన్ 3.70 లాగా పని చేస్తుంది, పెద్ద టైర్ల బండికి క్రౌన్ మార్చడంలో న్యాయం ఉన్నది ఇందుకే. వేగం కొలిచే సెన్సర్ గేర్‌బాక్సు చివర ఉన్న బండ్లలో 3.55 నుంచి 4.10కు మారితే, నిజమైన 100కు మీటరు 115 చూపిస్తుంది. దాన్ని కంప్యూటర్‌లో సరిచేయాలి. గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు కూడా అంతే శాతం వేగంగా తిరుగుతుంది కాబట్టి దాని బ్యాలెన్సూ క్రాసులూ (షాఫ్టు కీళ్లు) చూడకుండా బండి అప్పగించవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశించిన వివరాలకు విరుద్ధమైన మార్పులను ఒప్పుకోదు, 2019లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలో అడిగి, వారంటీ సంగతి యజమానికి చెప్పండి.

ఈ బల్ల మీద రెండు క్రౌన్లు పెట్టాను. ఒకటి సరిగా సెట్ చేసి చాలా ఏళ్లు తిరిగినది, రెండోది గువ్వలచెరువు ఘాట్ దగ్గర నేను ఊడదీసినది. పేస్టు, డయల్ గేజ్ పక్కనే ఉన్నాయి. వరుసగా వచ్చి పళ్ల మీద వేలు పెట్టి చూడండి, ఏది ఏదో నేను చెప్పకముందే మీరు చెప్పండి.