అరచేతుల్లో, అరికాళ్లలో చీముపొక్కులు: మాత్రల దాకా వచ్చాక

అందరికీ నమస్కారం.

ఈ జబ్బు పేరు పామోప్లాంటార్ పస్టులోసిస్. పేరు నోరు తిరగకపోయినా, చూస్తే పోల్చుకోవచ్చు. బొటనవేలి మొదట్లో, అరికాలి పల్లంలో, మడమ పక్కన గుండుసూది తలంత పసుపు చుక్కలు లేస్తాయి. కొద్దిరోజుల్లో అవే గోధుమరంగు మచ్చలై ఎండి, పొట్టు రాలతాయి. ఇవాళ లేచిన పసుపు చుక్క, మొన్నటి గోధుమ మచ్చ ఒకే అరచేతిలో పక్కపక్కనే ఉంటాయి.

ఆ పొక్కుల్లో చీము ఉంటుంది గానీ క్రిములు ఉండవు. ఈ మాట చాలామంది నమ్మరు. కోడలికి కంచం వేరు, తువ్వాలు వేరు చేసిన ఇళ్లు ఉన్నాయి. ఇది అంటుకోదమ్మా. ఆమె చేత్తో వడ్డిస్తే మీకేం రాదు. మన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి తెల్లరక్తకణాల్ని అక్కడికి పంపుతోంది.

మొదట పూతమందులే ఇస్తాం. కానీ ఫిషింగ్ హార్బర్‌లో ఐసు మధ్య చేపలు కోసే ఆమెకి అరచెయ్యి చీలితే ఆ రోజు కూలి పోయినట్టే. అలాంటివాళ్లని నెలల తరబడి పూతమందుతో సరిపెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది. మాత్రలు ఉన్నాయి. కాకపోతే ఎవరి మాత్ర వాళ్లదే. పక్కింటావిడకి తగ్గిందని ఆ చీటీతో మీరు కొనుక్కోకూడదు.

ఎక్కువగా వాడేది ఎసిట్రెటిన్, విటమిన్ ఎ జాతి మందు. భోజనంతో వేసుకోవాలి. పెదాలు ఎండిపోతాయి, జుట్టు కొంచెం రాలవచ్చు. గుణం కనబడటానికి వారాలు పడుతుంది, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. లివర్, కొవ్వు పరీక్షలు మానకూడదు. పిల్లలు కావాలనుకునే వయసు ఆడవాళ్లకి ఈ మందు మేం సాధారణంగా ఇవ్వం. గర్భంలో బిడ్డకి తీవ్రమైన లోపాలు వస్తాయి. మందు ఆపాక కూడా 3 ఏళ్లు గర్భం రాకూడదు. ఆ 3 ఏళ్లూ ఆడా మగా ఎవరూ రక్తదానం చేయకూడదు. మద్యం తాగే అలవాటుంటే సిగ్గుపడకుండా చెప్పండి, ఆల్కహాల్‌తో కలిస్తే ఇది శరీరంలో ఇంకా చాలాకాలం నిలిచిపోయే రూపంలోకి మారుతుంది.

రెండోది మెథోట్రెక్సేట్. దయచేసి ఇది మాత్రం గుర్తుంచుకోండి: వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. క్యాలెండర్‌లో ఆ రోజు చుట్టూ పెన్నుతో గీత గీయండి. మాత్రలు అమ్మ వేసుకునేదైతే ఆ డబ్బా కొడుకో కూతురో చూసుకోవాలి. నోట్లో పుండ్లు లేచినా, జ్వరం వచ్చినా మందు ఆపి వెంటనే రండి. జలుబుకో, మూత్రంలో మంటకో వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే ఈ మందు వాడుతున్నానని ముందే చెప్పండి, సెప్ట్రాన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు దీనితో కలవకూడదు.

సైక్లోస్పోరిన్ తొందరగా పనిచేస్తుంది, కానీ బీపీ, కిడ్నీలు గమనిస్తూ కొన్ని నెలలే వాడాలి. అప్రెమిలాస్ట్‌కి రక్తపరీక్షల బాధ తక్కువ, మొదట్లో విరేచనాలు ఇబ్బంది పెడతాయి.

మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లని చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. వారంలో చెయ్యి తేటపడుతుంది. ఆపాక పొక్కులు ముందుకంటే ఎక్కువగా తిరగబెట్టవచ్చు.

ఇక పొగ. ఈ జబ్బున్నవాళ్లలో ఎక్కువమంది ఇప్పుడో ఒకప్పుడో పొగ తాగినవాళ్లే, జబ్బు ఎక్కువగా వచ్చేది ఆడవాళ్లకి. మన తీరంలో అడ్డపొగ సంగతి మీకు తెలుసు, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. అంగిలి క్యాన్సర్‌కి అదే పెద్ద కారణం. "పొగ తాగుతారా" అని అడిగితే పెద్దవాళ్లు లేదంటారు, చుట్టని వాళ్లు ఆ లెక్కలో వేయరు. అందుకే డాక్టర్లు "చుట్ట కాలుస్తావా అమ్మా" అని అడగాలి. మానేస్తే రాత్రికి రాత్రి తగ్గిపోతుందని నేను చెప్పను. మానకుండా మాత్రలు మింగడం మాత్రం నాకు సమ్మతం కాదు.

ఛాతీ పైభాగంలో, కాలర్ ఎముక దగ్గర నొప్పి, వాపు ఉన్నవాళ్లు అది కూడా డాక్టర్‌కి చెప్పండి. ఈ జబ్బుతో ఎముకలకీ వాపు రావచ్చు, అప్పుడు మందు ఎంపికే మారుతుంది. పాత చీటీలు తెచ్చుకున్నవాళ్లు ముందు వరసలోకి రండి, మీ ప్రశ్నలతో మొదలుపెడదాం.