క్రమ్‌స్కోయ్ పాఠాలు అనుకుని కూర్చున్నాం

మాధవి: నమస్కారం అండీ. ఈవేళ పంతొమ్మిదో శతాబ్దపు రష్యన్ చిత్రకారుడు ఇవాన్ క్రమ్‌స్కోయ్, మాస్టారుగా. 1863లో గోల్డ్ మెడల్ పోటీకి పీటర్స్‌బర్గ్ ఆర్ట్ అకాడమీ ఇచ్చిన దేవతల విందు బొమ్మ మేం వెయ్యమని 14 మంది బయటికి వచ్చేశారే, వాళ్ళకి పెద్ద ఈయనే. ఆ ఏడాదే పీటర్స్‌బర్గ్‌లో డ్రాయింగ్ చెప్పడం మొదలుపెట్టాడు, తర్వాత పెద్ద చిత్రకారుడైన రేపిన్ ఆ క్లాసులోనే...

రమణ: ముందు రీటచింగ్ సంగతి చెప్పాలి.

మాధవి: అన్నా, చిత్రకారుడు సెరోవ్ ఎపిసోడ్‌లో కూడా ఇదే!

రమణ: ఇక్కడ నిజంగానే ఉంది కాబట్టి చెప్తున్నా. పదహారేళ్ళకి ఓ ఫొటోగ్రాఫర్ వెంట ఊరొదిలి వెళ్ళిపోయాడు. పీటర్స్‌బర్గ్ వచ్చాక కూడా స్టూడియోల్లో ఫొటోలు దిద్దే పనే. మొహంలో ఏ గీత ఉంచాలో ఏది తీసెయ్యాలో ఆ చేతికి అక్కడే తెలిసింది. 1873లో వేసిన రచయిత టాల్‌స్టాయ్ బొమ్మ చూడు, కళ్ళ దగ్గర ఒక్క గీత కూడా దాచలేదు.

మాధవి: టాల్‌స్టాయ్ అసలు కూర్చోనన్నాడు కదా! మీ బొమ్మ ఎప్పటికైనా ఎవరో ఒకరు వేసి తీరాల్సిందే అని క్రమ్‌స్కోయ్ వాదించి ఒప్పించాడు. అది మనిషిని చదవడం, రీటచింగ్ కాదు. నీ లెక్క 1883 నాటి ‘అపరిచిత’ బొమ్మకి సరిపోతుందేమో. ఆ బొచ్చు అంచు, రిబ్బను, మెరుపు...

రమణ: దాన్ని తక్కువ చెయ్యకు. నేవ్‌స్కీ రోడ్డు మీద బండిలో కూర్చుని మనల్ని పైనుంచి చూస్తుంది చూడు, ఆ చూపు!

మాధవి: బాగుంటుంది, కాదనను. టాల్‌స్టాయ్ నవల ‘అన్నా కరెనినా’ అట్టల మీద చూసీ చూసీ అందరికీ ఆవిడే అన్నా అయిపోయింది. కానీ నాకు 1884 నాటి ‘తీరని దుఃఖం’ ముందు అది నిలవదు. నల్ల బట్టల్లో తల్లి, పక్కన కర్టెను, పూలు, నోటికి అదిమిపెట్టుకున్న రుమాలు. ఏడుపు మొహంలో లేదన్నా, ఆ రుమాలు పట్టుకున్న చేతిలో ఉంది. పోయిన బిడ్డ ఎక్కడా కనపడడు.

రమణ: ఆయన కొడుకులు ఇద్దరు పోయారు కదా.

మాధవి: ఊఁ. ఆవిడ మొహంలో భార్య పోలికలే. ఎన్నిసార్లో మార్చి మార్చి వేశాడు, పడిపోయి ఏడ్చే తల్లిని వదిలేసి చివరికి నిలబడ్డ తల్లి దగ్గరికి వచ్చాడు. అది చూస్తే నాకు కాసేపు మాట రాదు.

రమణ: నిజమే. ...అయినా తీసెయ్యడం అన్నావు చూడు, అదే నేను మొదట్నుంచీ అంటున్నది!

మాధవి: వదిలేయడం అన్నాను! ఫొటోలో మచ్చ తీసెయ్యడం, బొమ్మలో ఏడుపు వదులుకోవడం ఒకటేనా? పాఠాల గురించి ఒక్క ముక్క చెప్పనివ్వలేదు నువ్వు.

రమణ: చెప్పు మరి. రేపిన్ గీసుకొచ్చిన బొమ్మల్ని విడిగా కూర్చోబెట్టుకుని చూసేవాడు, చాలాసేపు మాట్లాడేవాడు. ఊరూరా బొమ్మలు చూపించే చిత్రకారుల సంఘం, సంచార ప్రదర్శనల సంఘం, 1870లో పెట్టారు.

మాధవి: ఇంతేనా? సంఘం ఒక్క లైన్లో అయిపోయిందా?

రమణ: డాక్టర్ రౌఖ్‌ఫుస్ బొమ్మ వేస్తూ ఈజిల్ ముందే ప్రాణం పోయింది, అది కూడా చెప్పాలి. తల ఒక్కటే పూర్తయింది. అందులో ఆ గడ్డం దగ్గర బ్రష్ చూస్తే మళ్ళీ...

మాధవి: రీటచింగ్ అన్నావంటే మైక్ ఆపేస్తా.

రమణ: కవి నెక్రాసొవ్ జబ్బుతో మంచం మీద ఉన్న బొమ్మ గురించి అడుగుదామనుకున్నా.

మాధవి: అది మొదలైతే ఇంకో గంట. వచ్చే వారం.