గోడ మీది గీతకు లెక్క ఏది?
(కర్నూలులో ఇంజనీర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, నాతో కలిసి ఎండల్లో ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ పెట్టె మోసిన పాత మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జయంతి కనుక ఆయన గురించి రెండు మాటలు చెప్పమని నిర్వాహకులు పిలిచారు. చెబుతాను, కానీ నేను వచ్చిన పని వేరు. హంద్రీ నది ఒడ్డున కింద దుకాణాలు, పైన కార్యాలయాలు, వెనుక వెయ్యి ఇళ్లు, పక్కన ఒక ఆసుపత్రి, అన్నీ ఒకే ఆవరణలో కట్టాలని ఒక ప్రతిపాదన ఉంది. దాని పర్యావరణ ప్రభావ అంచనా నివేదికను మా మనవడు ఫోనులో తెరిచి ఇస్తే మూడు రాత్రులు కూర్చుని చదివాను.

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచెత్తిన తరువాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన మునిగిన వీధులను మాత్రమే చూసి ఊరుకోలేదు. ఎగువన ఎంత వాన పడింది, ఎన్ని చెరువులు తెగాయి అని ఆరా తీసి, నగరానికి పైన మూసీ మీద, దాని ఉపనది ఈసీ మీద జలాశయాలు కట్టమన్నారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అలా వచ్చాయి. ఆయన గురించి ఇంతే చెబుతాను, మన్నించండి.

నేను చదివిన నివేదికలో గాలి, నీరు, నేల, చప్పుడు అన్నింటి కొలతలూ ఉన్నాయి. అవన్నీ మార్చి నుంచి మే వరకు తీసినవి. ఇందులో నియమభంగం లేదు. వానాకాలం కాని ఒక సీజను లెక్కలు ఇస్తే చాలన్నదే నియమం. ఏప్రిల్‌లో హంద్రీని చూసినవాడు ఏం రాస్తాడు? ఇసుక, కంపచెట్లు, మధ్యలో ఒక మురుగుపాయ అని రాస్తాడు. అలాగే రాశారు. స్థలానికి వరద చరిత్ర లేదని కూడా రాశారు.

2009 అక్టోబరు 2, గాంధీ జయంతి, శుక్రవారం. బుధవారపేటలోని మా ఇంట్లో నీళ్లు గడప దాటినప్పుడు మా ఆవిడ బియ్యం డబ్బాను మంచం మీద పెట్టింది, కాసేపటికి మంచమే తేలింది. ఆ రాత్రంతా మిద్దె మీద తొమ్మిది మందిమి, ఒక మేక ఉన్నాం. మనకు దిగువన ఉన్న శ్రీశైలం జలాశయాన్ని 19 లక్షల క్యూసెక్కుల వరదకు కడితే, ఆ రోజుల్లో దాదాపు 25 లక్షలు వచ్చాయి. తుంగభద్ర నిండుగా పొంగుతున్నప్పుడు హంద్రీ నీరు దానిలోకి దిగదు, ఎదురు తన్నుతుంది. అలా తన్నిన నీరే మన వీధుల్లోకి వచ్చింది. బురద ఎత్తిపోసిన తరువాత, కొలవడం తప్ప మరొకటి చేతకానివాణ్ణి కనుక, స్టాఫు అనే కొలత కర్ర తీసుకుని ఇల్లిల్లూ తిరిగాను. గోడల మీద నీరు నిలిచిన గీతలన్నిటికీ ఎత్తు ముందే తెలిసిన బెంచ్ మార్కు గుర్తు నుంచి మట్టాలు కట్టి ఒక పట్టిక తయారుచేసి, ఒక కార్యాలయంలో ఇచ్చాను. ముద్ర వేసిన రసీదు ఇచ్చారు. రసీదు నా దగ్గర ఉంది, పట్టిక మాత్రం ఎక్కడుందో వారికీ తెలియదట.

ఈ ప్రతిపాదనలో స్థలాన్ని రెండు మీటర్లు మెరక చేస్తామన్నారు. విద్యార్థులు ఇది గమనించాలి. మెరక చేసిన చోట నిలవలేని నీరు మాయమైపోదు, పక్కవీధిలో నిలుస్తుంది. ఆ పక్కవీధి నివేదికలో లేదు.

ఇక వాడుక నీటి సంగతి. వెయ్యి ఇళ్లు, ఇంటికి అయిదుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటే 6,75,000 లీటర్లు. అందులో ఎనభై శాతం మురుగై బయటికి వస్తుంది కనుక 5,40,000 లీటర్లు. ఆసుపత్రి, హోటళ్ల లెక్క వేరే. శుద్ధి చేసి మొక్కలకు పోస్తామంటున్నారు. వానాకాలంలో మొక్కలు తాగనప్పుడు అది ఎటు పోతుందో చెప్పలేదు. చప్పుడు మాటకు వస్తే, రాత్రి పూట నివాస ప్రాంతంలో 45 డెసిబెళ్లు, వ్యాపార ప్రాంతంలో 55 వరకు హద్దు. ఇళ్లూ అంగళ్లూ కలిసిన చోటును అధికారులు ఏదో ఒక తరగతిలో చేర్చాలి. నివేదికలో వ్యాపార ప్రాంతం అని రాసుకున్నారు. పైన పడుకునేవారు మనుషులే కదా.

ఇదంతా ఇక్కడ ఎందుకు చెబుతున్నావు, బహిరంగ విచారణలో చెప్పవచ్చు కదా అని మీరు అడగవచ్చు. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన భవనాలకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. 1,50,000 చదరపు మీటర్లకు చేరినవాటిని టౌన్‌షిప్పుల కింద చూస్తారు. ఈ ప్రతిపాదన ఆ రెండో కోవలోదే. అయితే గనికి, కర్మాగారానికి జరిగే బహిరంగ విచారణ నుంచి ఇలాంటి కట్టడాలను మినహాయించారు. అందుకే నిర్వాహకులు ఇచ్చిన పది నిమిషాలను ఇలా వాడుకున్నాను. నేను కట్టవద్దనడం లేదు. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు కూడా కొలవమంటున్నాను, 2009 నాటి నీటిమట్టాన్ని పటంలో గీసి ఆ తరువాత పునాది ఎత్తు చెప్పమంటున్నాను.

చివరిగా ఒక మనవి. దసరా దగ్గర పడుతోంది, సున్నాలు వేయించే రోజులు. మీ ఇంట్లోనో, మెట్ల కిందనో, గొడ్లపాకలోనో ఆనాటి గీత ఇంకా మిగిలి ఉంటే, దాని మీద సున్నం పడక ముందే నాకు కబురు పెట్టండి. స్టాఫు నేనే తెచ్చుకుంటాను, అవతలి కొస పట్టుకోవడానికి ఒక పిల్లవాణ్ణి ఇస్తే చాలు.