దయచేసి మా తమ్ముడికి ఇమ్యూనిటీ పెంచకండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన నలభై నిమిషాల్లో పది అక్కడే అయిపోతాయి. వాళ్లంతా మన నల్లకుంట వాళ్లే, ఏమీ అనుకోరు. శాలువా కూడా చివర్లో కప్పండి, ఇప్పుడు ఉక్కగా ఉంది.

ఆగస్టు 3ను అవయవదాన దినంగా జరుపుకోవడానికి ఒక కారణం ఉంది. 1994లో ఇదే రోజున ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పి. వేణుగోపాల్ గారు మన దేశంలో మొదటిసారి గుండె మార్పిడి విజయవంతంగా చేశారు. ఆయన పుట్టింది రాజమండ్రిలో. అవయవ మార్పిడి చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. కరపత్రంలో నా పేరు పక్కన ‘అవయవదానం మహాదానం’ అని వేశారు. దాని మీదే రాసుకొచ్చాను కూడా. కానీ లోపలికి వస్తుంటే గేటు పక్కన ఒక బల్ల కనిపించింది. ‘ఇమ్యూనిటీ కషాయం, ఉచితం’ అని బోర్డు. పెట్టినవాళ్ల మనసు మంచిదే, కాదనను. నా ప్రసంగం మాత్రం అక్కడే దారి తప్పింది.

నేను చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకి మైక్రోబయాలజీ చెప్పాను. కరోనా తర్వాత ఈ ఇమ్యూనిటీ అనే మాట వింటే నాకు బీపీ పెరుగుతోంది. పాల ప్యాకెట్ మీద ఇమ్యూనిటీ, బిస్కెట్ మీద ఇమ్యూనిటీ. ఎంత ఎక్కువుంటే అంత మంచిదని అందరి నమ్మకం. ఈ హాల్లో కీళ్లవాతానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ మింగేవాళ్లు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి, సిగ్గేం లేదు. అదిగో, ఇద్దరు. అమ్మా, మీ ఇమ్యూనిటీ తక్కువై కాదు మీ వేళ్లు వంకర పోయింది. అది మీ కీళ్ల మీదే తిరగబడింది. మీరు వేసుకునేది దాన్ని అణిచే మందు.

అసలు ఇమ్యూనిటీ చేసే పనేమిటో చెబుతాను. వైరస్‌కి సొంతంగా బతుకు లేదు. మన కణంలో దూరి, కణం యంత్రాంగాన్నే వాడుకుని తన పిల్లల్ని తయారు చేసుకుంటుంది. లోపల దాక్కున్నదాన్ని బయట కాపలా తిరిగే టీ కణం, అంటే ఒక రకం తెల్ల రక్తకణం, ఎలా పసిగడుతుంది? ఒక కాలనీ ఊహించుకోండి. అక్కడ ప్రతి ఇల్లూ లోపల వండుతున్నదాంట్లో కొంచెం ఒక గిన్నెలో వేసి గుమ్మం ముందు పెట్టాలని నియమం. కాపలావాడు గిన్నెలు చూసుకుంటూ పోతాడు. పప్పు, చారు అయితే ముందుకి కదులుతాడు. కొత్త వాసన తగిలితే ఆ ఇంటినే కూల్చేస్తాడు. కణం పైన ఉండే ఒక ప్రోటీనే ఆ గిన్నె. దాని పేరు హెచ్‌ఎల్‌ఏ. దాన్ని తయారుచేసే జన్యువులు ఆరో క్రోమోజోమ్ మీద ఉంటాయి, ఒక వరస అమ్మ నుంచి, ఒక వరస నాన్న నుంచి. టీ కణం వైరస్ ముక్కని విడిగా గుర్తుపట్టదు, తన గిన్నెలో పెట్టి చూపిస్తేనే గుర్తుపడుతుంది. ఈ సంగతి 1974లో కాన్‌బెర్రాలో జింకర్‌నాగెల్, డోహర్టీ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మీద కనిపెట్టారు. 1996లో నోబెల్ వచ్చింది.

గిన్నెలు అందరికీ ఒకేలా ఉండవు. ఉండకపోవడమే మన అదృష్టం. ఒక వైరస్ ఒకరి గిన్నెలో పట్టకుండా తప్పించుకోవచ్చు, పక్కవాడి గిన్నెలో దొరికిపోతుంది. మనుషుల్లో ఇన్ని వేల రకాల హెచ్‌ఎల్‌ఏలు నిలిచి ఉండటానికి ముఖ్య కారణం రోగాలతో యుగయుగాల పోరే. మన పక్కనే కోరంటి దవాఖానా, అదే ఫీవర్ హాస్పిటల్, ఏటా వానాకాలంలో కిటకిటలాడుతుంది. అయినా ఊరు ఊరంతా ఒకే జ్వరానికి పడిపోలేదంటే ఇదీ ఒక కారణం.

ఇప్పుడు కిడ్నీ సంగతికి రండి. వేరేవాళ్ల కిడ్నీ తెచ్చి పెడితే గిన్నెలో ఏముందన్నది తర్వాత సంగతి, గిన్నే మనది కాదు. మామూలుగా ఒక వైరస్ ముక్కని గుర్తుపట్టగల టీ కణాలు లక్షకి ఒకటో అరో ఉంటాయి. పరాయి హెచ్‌ఎల్‌ఏని చూసి లేచేవి నూటికి 1 నుంచి 10 దాకా ఉంటాయి. ఎంత తేడానో చూడండి! కిడ్నీ మీద శరీరానికి పగేమీ లేదు. వైరస్‌ల కోసం తయారైన కాపలా తన పని తాను చేస్తోంది, అంతే.

రెండో ప్రపంచ యుద్ధంలో కాలిన గాయాల వాళ్లకి వేరొకరి చర్మం అతికించేవారు, కొద్ది రోజులకి ఊడిపోయేది. అదే దాత చర్మం మళ్లీ తెచ్చి వేస్తే ఇంకా త్వరగా ఊడుతోందని పీటర్ మెడావర్ అనే శాస్త్రవేత్త గమనించాడు. అంటే శరీరం గుర్తుపెట్టుకుంది. అందుకే 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే అనే సర్జన్ మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి చేసింది ఒకే పోలిక కవలల మధ్య. ముందు ఒకరి చర్మం ఒకరికి వేసి, ఊడలేదని చూసుకున్నాకే కిడ్నీ పెట్టారు. పుచ్చుకున్న కవల ఎనిమిదేళ్లు బతికాడు. మరి కవలలు లేనివాళ్ల గతి? ఇమ్యూనిటీని అణిచే మందులు రావాలి.

ఇక్కడ నన్ను కాసేపు వదిలేయండి, యల్లాప్రగడ సుబ్బారావు గారి మాట చెప్పకుండా ముందుకి పోలేను. 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికా వెళ్లి, లెడర్లీ కంపెనీలో పరిశోధనలు నడిపించారు. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ ఆయన బృందం నుంచి వచ్చాయి. పిల్లల రక్త క్యాన్సర్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1947 చివర్లో మొదలుపెట్టి వాడింది ఆ అమినోప్టెరినే. 1948లో సుబ్బారావు గారు పోయారు. ఆ తర్వాత ఎముక మజ్జ మార్పిడి చేసిన డొనాల్ థామస్, కొత్త మజ్జ రోగి శరీరం మీద తిరగబడకుండా మెథోట్రెక్సేట్ ఇచ్చాడు. 1990లో ముర్రేకీ థామస్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు. భీమవరం ఆయన ఊసు ఎవరూ ఎత్తలేదు. క్లాసులో ప్రతి బ్యాచ్‌కీ ఇది చెప్పేదాన్ని. సిలబస్‌లో లేదు మేడమ్ అనేవారు పిల్లలు. లేకపోతే ఏం, రాసుకోండి అనేదాన్ని. అమ్మా, ఇందాక చేతులెత్తిన మీరిద్దరూ ఈసారి మాత్ర వేసుకునేటప్పుడు ఆయన్ని తలుచుకోండి.

మిగిలిన మందులు మట్టిలోంచి వచ్చాయి. సైక్లోస్పోరిన్ నార్వే పీఠభూమి మట్టిలోని బూజు నుంచి, టాక్రోలిమస్ జపాన్‌లో సుకుబా కొండ దగ్గరి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి, సిరోలిమస్ ఈస్టర్ దీవి మట్టి నుంచి. అణచడానికి ఇన్ని దేశాల మట్టి తవ్వారు, మనమేమో గేటు దగ్గర పెంచుతున్నాం.

మా తమ్ముడి సంగతి చెప్పాలి. చెప్పకూడదనుకునే వచ్చాను. పర్వాలేదు, వాడు ఒప్పుకున్నాడు. డయాలసిస్ మీద ఉండగా మా మరదలు కిడ్నీ ఇచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది, రక్తంలో క్రియాటినిన్ 1.2 దగ్గర నిలబడింది. కిడ్నీ పని తగ్గితే పెరిగే అంకె అది. పొద్దున తొమ్మిదికీ రాత్రి తొమ్మిదికీ టాక్రోలిమస్. ఇంట్లో ఎవరి ఫోన్‌లోనైనా అలారం మోగితే అదే. అంతలో కరోనా వచ్చింది. చుట్టాలందరూ ఒక్కసారిగా డాక్టర్లు అయిపోయారు. మా చిన్నాయన కొడుకు రోజూ ఫోన్. “అన్నా, ఈ టైమ్‌ల ఇమ్యూనిటీ తగ్గించే గోలీలు ఎవరన్న మింగుతరా? బంద్ పెట్టు. తిప్పతీగ కషాయం తాగు.” వాట్సాప్‌లో వీడియోలు. వీడికి భయం. నాతో అనలేదు, మరదలితో అనలేదు. రాత్రి గోలీ మానేసి కషాయం తాగాడు. నేను అడిగితే “ఏం కాదక్కా, మంచిగున్న” అనేవాడు. మంచిగానే ఉంటాడు, శరీరం పరాయి కిడ్నీని కాదనే తిరస్కరణ మొదట్లో నొప్పి రాదు! కాళ్ల వాపు కనిపించి రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 2.8. బయాప్సీలో తిరస్కరణ అని తేలింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పెద్ద మోతాదులో ఎక్కించారు. కిడ్నీ నిలిచింది, కానీ పాత అంకెకి మళ్లీ రాలేదు. మా మరదలు ఒక్కటే అడిగింది. “ఆయన భయపడితే నన్నడగొచ్చు కద వదినా, అందులో నా కిడ్నీ ఉంది కద.”

దీనికి నా దగ్గర సమాధానం లేదు. చిన్నాయన కొడుకు మంచివాడే. ప్రేమతోనే చెప్పాడు. నా బాధంతా అదే, ఈ సలహాలన్నీ ప్రేమతోనే వస్తాయి. తిప్పతీగతో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు ముంబై డాక్టర్లు 2021లోనే రాశారు. ఇంకో మాట. 2020 జూన్‌లో ఇంగ్లండ్‌లో రోగులకి మందులిచ్చి చూసిన ఒక పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. వెంటిలేటర్ మీదున్న కరోనా రోగుల్లో చావుల్ని మూడో వంతు తగ్గించింది డెక్సామెథాసోన్. అంటే ఇమ్యూనిటీని అణిచే స్టెరాయిడ్! అది చదివి నేను మా చిన్నాయన కొడుక్కి ఫోన్ చేసి వినిపించాను. “అట్లనా అక్కా” అన్నాడు. తర్వాత కూడా ఉసిరి పొడి పంపాడనుకోండి.

అలాగని మార్పిడి చేయించుకున్నవాళ్లకి వైరస్ భయం లేదనడం లేదు. చాలా ఉంది. సీఎంవీ అనే వైరస్ మన దేశంలో పెద్దవాళ్లలో ఎక్కువమందిలో చిన్నప్పుడే చేరి నిద్రపోతూ ఉంటుంది. మనకి తెలియను కూడా తెలియదు. కాపలా తగ్గగానే లేస్తుంది. అది మహా జాణ, కణం గుమ్మంలోంచి గిన్నెనే లోపలికి లాగేస్తుంది. గిన్నె లేని ఇంటినే అనుమానించే ఎన్‌కే కణాలు ఇంకో రకం కాపలా కాస్తాయి కాబట్టి సరిపోయింది. బీకే అని ఇంకోటుంది, 1971లో ఒక కిడ్నీ రోగి పేరులోని పొడి అక్షరాలే దాని పేరు. అది లేస్తే డాక్టర్లు అణిచే మందు కొంచెం తగ్గిస్తారు. తగ్గిస్తే తిరస్కరణ భయం, పెంచితే వైరస్ భయం. ఆ నడుమ సన్నటి దారిలో రక్తంలో మందు స్థాయి కొలుస్తూ నడిపిస్తారు డాక్టర్లు. ఆ దారిలోకి మనం కషాయం గ్లాసు పట్టుకుని వెళ్లకూడదు.

చేయదలిస్తే ఇవి చేయండి. మార్పిడి చేయించుకున్నవాళ్ల ఇంటికి వెళ్లే ముందు జలుబుంటే మానుకోండి. ఇంట్లోవాళ్లు ఫ్లూ టీకా వేయించుకోండి. బతికున్న వైరస్‌తో చేసే టీకాలు మాత్రం ఆ మనిషికి పనికిరావు, డాక్టర్‌ని అడక్కుండా ఏదీ వేయించకండి. ఒంటినొప్పులకి మెడికల్ షాపు గోలీ ఇవ్వకండి. పంపర పనస అసలు వద్దు, టాక్రోలిమస్ స్థాయి పెరిగిపోతుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ దాన్ని పడగొడుతుంది. కాబట్టి కొత్త మందు ఏదైనా ముందు మార్పిడి డాక్టర్‌కి ఒక ఫోన్.

టైమ్ అయిందని చీటీ పంపారు. దానం మీద రెండు మాటలు, లేకపోతే నిర్వాహకులు నన్ను మళ్లీ పిలవరు. 2025 జనవరి 17న ఎల్బీ నగర్ నుంచి లక్డీకాపూల్‌కి ఒక గుండెని మెట్రోలో 13 నిమిషాల్లో చేర్చారు, 13 కిలోమీటర్లు. టీవీలో చూసి అందరం చప్పట్లు కొట్టాం. కానీ ఆ గుండె బయలుదేరాలంటే ఎక్కడో ఒక ఐసీయూ బయట ఒక కుటుంబం సరేననాలి. బ్రెయిన్ డెడ్ అని చెప్పేది ఒక్క డాక్టర్ కాదు, నలుగురు. పరీక్షలు రెండుసార్లు, మధ్య కనీసం ఆరు గంటల ఎడం. నిమ్స్ నుంచి నడిచే అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకున్నా, ఆ రోజున అడిగేది ఇంట్లోవాళ్లనే. అందుకని కార్డు పర్సులో పెట్టుకుని ఊరుకోకండి, ఇవాళ అన్నం తినేటప్పుడు చెప్పండి.

ముందు వరసలో కూర్చున్న అన్నయ్యలు కొంచెం ఇటు చూడాలి. మన దేశంలో బతికుండగా ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, పుచ్చుకునేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. భార్య, తల్లి, అక్క. భార్యకి అవసరం వచ్చినప్పుడు మాత్రం ఆయన సంపాదించేవాడు కదా అంటారు. మా మరదలు కూడా ఉద్యోగం చేసేదే. ఈ మాట ఎవరికైనా గుచ్చుకుంటే గుచ్చుకోనివ్వండి. చనిపోయినవాళ్ల నుంచి వచ్చే అవయవాలు పెరిగితే గానీ ఈ వంటింటి ఒత్తిడి తగ్గదు.

రెండు ప్రశ్నలు వచ్చాయి చీటీల మీద. మొదటిది, షుగర్ ఉంది, కళ్లద్దాలున్నాయి, కళ్లు ఇవ్వొచ్చా అని. ఇవ్వొచ్చు. తీసుకునేది కంటి ముందుండే కార్నియా. దాంట్లో రక్తనాళాలు లేవు, కాపలా కణాలు సులభంగా అక్కడిదాకా రావు, అందుకే తిరస్కరణ తక్కువ. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు తీయాలి. మన ఎల్వీ ప్రసాద్ లాంటి నేత్ర నిధికి వెంటనే ఫోన్ చేయండి, రెప్పలు మూసి తడి దూది పెట్టండి, ఫ్యాన్ ఆపండి.

రెండోది ఎవరో చిలిపిగా రాశారు. మేడమ్, మీ తమ్ముడిగారిని భోజనానికి పిలవొచ్చా, ఏం పెట్టాలి అని. పిలవండి, సంతోషంగా వస్తాడు. వేడివేడిగా వండింది ఏదైనా పెట్టండి, బయటి కోసిన పండ్లు, పచ్చి కూరలు వద్దు. వాడి రాత్రి గోలీకి ముందు కడుపు కొంచెం ఖాళీగా ఉండాలి, కాబట్టి ఏడు లోపే వడ్డించేయండి.