కౌజు ఈక, నారింజ పట్టు దారం: రెండు చుట్లు చాలు

[టేబుల్ మీద నీళ్ళ గ్లాసు. సన్న దారాలకు వేలాడుతున్న రెండు ఫ్లైలు, అంటే చేపల కోసం హుక్ మీద ఈకతో కట్టిన ఉత్తుత్తి పురుగులు.]

ఈ రెండూ చూడండి. రెండూ నేను కట్టినవే. హుక్ ఒకటే, దారం ఒకటే, ఈక కూడా ఒకే పిట్టది. ఇప్పుడు నీళ్ళలో ముంచుతున్నాను... ఎడమవైపుది చీపురు కుచ్చులా బిర్రుగా నిలబడిపోయింది. కుడివైపుది మాత్రం గ్లాసు కొంచెం కదిపితే చాలు, పోగులన్నీ ముడుచుకుని మళ్ళీ విచ్చుకుంటున్నాయి, అచ్చం కాళ్ళాడించే పురుగులాగే. ఎడమదానికి ఈకను ఐదు చుట్లు చుట్టాను, కుడిదానికి రెండే. ఈ వీడియో అంతా ఆ మూడు చుట్ల తేడా గురించే.

[కెమెరా వైపు తిరిగి]

నమస్తే అండి. మన ఊళ్ళలో గాలం అనగానే వానపాము, బెండు, చెరువు గట్టు గుర్తొస్తాయి. ఫ్లై ఫిషింగ్‌లో వానపాము ఉండదు, హుక్ మీదే ఈకలతో, దారంతో పురుగు రూపం కడతారు. నీటి మీద తేలేది డ్రై ఫ్లై, మునిగేది వెట్ ఫ్లై. మునిగేవాటిలో మెత్తటి ఈక చుట్టినవే సాఫ్ట్ హ్యాకిల్ ఫ్లైలు. నేను ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్ ప్రాంతంలోని లీడ్స్‌లో ఉంటాను. ఇక్కడికి దగ్గరలోని వార్ఫ్, నిడ్, యూర్ నదుల మీద వీటిని స్పైడర్లు అంటారు, కానీ సాలీడుకూ వీటికీ ఏ సంబంధం లేదు. స్కాట్లండ్ వైపు డబ్ల్యూ.సి. స్టీవర్ట్ అనే జాలరి 1857లోనే వీటి గురించి రాశాడు. యార్క్‌షైర్ ఫ్లైల పద్ధతులను ఒకచోట చేర్చి, రంగుల బొమ్మలతో 1885లో పుస్తకంగా అచ్చు వేయించినవాడు ఈ లీడ్స్ మనిషే, టి.ఇ. ప్రిట్. ఈ రోజు నేను కట్టబోయే పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్, అంటే కౌజు ఈక, నారింజ దారం ఫ్లై, అందులో ఉంది, ఇప్పటికీ ఇక్కడి జాలర్ల పెట్టెల్లో ఉంది.

[క్లోజప్: వైస్‌లో, అంటే హుక్‌ను పట్టి ఉంచే బిగింపులో, బిగించిన హుక్]

14వ నంబరు హుక్ తీసుకున్నాను. హుక్ నంబరు పెరిగేకొద్దీ సైజు చిన్నదవుతుంది, అది మొదట్లో అందరినీ తికమక పెడుతుంది. దారం నారింజ రంగు పట్టు దారం. దానికి ముందు మైనం పట్టించాలి, పాతకాలంలో అయితే చెప్పులు కుట్టేవాళ్ళ మైనమే వాడేవారు. మైనం వల్ల దారం జారదు, రంగు కూడా కొంచెం ముదురుతుంది. నీళ్ళలో తడిశాక ఇంకా ముదిరి, మెరిసే నారింజ కాస్తా ఇటుక రంగుకు దగ్గరవుతుంది. అందుకే దారం రంగును రీలు మీద చూసి కాదు, తడిపి చూసి ఎంచుకోండి.

హుక్ కన్ను, అంటే గాలం దారం కట్టే రంధ్రం, దగ్గర తల కోసం కొంచెం ఖాళీ వదిలి, అక్కడి నుంచి వెనక్కి చుట్టుకుంటూ వెళ్తున్నాను. చుట్టు పక్కన చుట్టు ఆనుకుని పడాలి, ఎక్కడా ఎక్కకూడదు. ఎక్కడిదాకా? ఇదిగో, హుక్ మొనకు సరిగ్గా పైన ఆగిపోతున్నాను. వంపు దాకా వెళ్ళాలని చెయ్యి లాగేస్తుంది, వెళ్ళకండి. ఈ ఫ్లై ఒళ్ళు పొట్టిగా, సన్నగా ఉండాలి, ఎందుకంటే అది పోలిన పురుగు కూడా అంతే సన్నగా ఉంటుంది. మళ్ళీ అలాగే ముందుకు వచ్చేస్తే ఒళ్ళు అయిపోయినట్టే. సన్నటి బంగారు తీగ చుట్టేవాళ్ళూ ఉన్నారు, నేను చుట్టను.

[క్లోజప్: అరచేతిలో గోధుమరంగు చుక్కల ఈక]

ఇక ఈక. ఇది ఇంగ్లండ్ కౌజు వీపు మీది ఈక, మన పొలాల్లో అరిచే కౌజు పిట్టది కాదు, దానికి దూరపు చుట్టం. ఇండియాలో ఉండి కట్టేవాళ్ళు దయచేసి కౌజుల జోలికి వెళ్ళకండి, వాటికి అక్కడ చట్ట రక్షణ ఉంది. కోడిపెట్ట మెడ మీది మెత్తటి ఈక బాగానే పనిచేస్తుంది. పెట్ట అన్నాను, పుంజు కాదు. పుంజు మెడ ఈకలు బిర్రుగా ఉంటాయి కాబట్టి నీటిమీద తేలే డ్రై ఫ్లైకి అవి మంచివి, కానీ మనకు కావాల్సింది నీటి ఒరవడికి వంగిపోయే ఈక.

ఈక మొదట్లో ఉన్న నూగంతా పీకేయండి. కొసను పట్టుకుని మిగతా పోగుల్ని వెనక్కి దువ్వితే కొస విడిగా నిలుస్తుంది, ఆ కొసనే హుక్‌కు కట్టాలి. పోగు పొడవు హుక్ వంపు దాకా వస్తే సరి, ఇంకో వెంట్రుకవాసి ఎక్కువైనా ఫరవాలేదు. లోపలివైపు, అంటే మెరుపు తక్కువ ఉన్న వైపు, హుక్‌కేసి ఉండాలి.

ఇప్పుడు చుట్టు. ఒకటి... పోగుల్ని వెనక్కి దువ్వుతూ... రెండు. ఆపేయండి!

ఇక్కడే నేను ఒక సీజన్ మొత్తం పోగొట్టుకున్నాను. ఈక ఇంకా మిగిలి ఉంది కదా, వృథా ఎందుకు, ఒత్తుగా ఉంటే చేపకు బాగా కనిపిస్తుంది కదా అనుకుని నాలుగు, ఐదు చుట్లు వేసేవాడిని, చేతిలో పెట్టుకుని చూస్తే ఎంతో అందంగా ఉండేవి, నీళ్ళలో మాత్రం పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని కదలకుండా ఉండిపోయేవి. వార్ఫ్ ఒడ్డున ఒక పెద్దాయన నా పెట్టె చూసి, కత్తెర తీసి, ఒక ఫ్లైలో సగం పోగులు కత్తిరించి ఇచ్చారు. ఆ సాయంత్రమే దానికి రెండు ట్రౌట్ చేపలు పడ్డాయి.

మిగిలిన ఈనె కత్తిరించి, కన్ను వెనక నాలుగైదు చుట్లతో చిన్న తల కట్టి, ముడి బిగించేస్తే పని పూర్తయింది.

[నది అడుగు షాట్: రాళ్ళ మధ్య పురుగులు]

ఇంత తక్కువ సామానుతో కట్టింది ఎందుకు పనిచేస్తుందంటే, ట్రౌట్ తినేదాంట్లో ఎక్కువ భాగం నీటి కిందే దొరుకుతుంది. మేఫ్లై లాంటి పురుగులు నది అడుగున పెరిగి, రెక్కలు వచ్చే వేళకు పైకి ఈదుతాయి. పైకి చేరి, పొర చీల్చుకుని బయటపడే ఆ కాసేపు ఎటూ పారిపోలేవు, ఆ సంగతి చేపకు బాగా తెలుసు. మన ఫ్లైలో కళ్ళు లేవు, రెక్కలు లేవు, కానీ ఆ గింజుకునే కదలిక ఉంది. ప్రాణం ఉన్నట్టు నమ్మించేది అదే.

దీన్ని నీటిలో వేయడం గురించి ఒక మాట. స్టీవర్ట్ ఎదురు ప్రవాహంలోకి, పొట్టి దారంతో వేయమన్నాడు, చేప ముఖం ప్రవాహానికి ఎదురుగా ఉంటుంది కాబట్టి వెనక నుంచి వెళ్తే మనల్ని చూడదు. కొత్తవాళ్ళకు అది కష్టం. ముందు నదికి అడ్డంగా, కొంచెం కిందికి వేసి ఒరవడికే వదిలేయండి. అది అలా వంపు తిరుగుతూ మీ ఒడ్డువైపు వచ్చి, దారం బిగుసుకుని, ఫ్లై మెల్లగా పైకి లేస్తుంది చూడండి, సరిగ్గా అప్పుడు కర్రను గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే లాగుడు ఎక్కువగా వచ్చేది అక్కడే.

[నది షాట్. దారం బిగుసుకుంటుంది. కర్ర వంగుతుంది.]