డీజిల్ ఇంజిన్ పెట్టారు సరే, హైవేకి ఏ క్రౌన్-పినియన్?

(స్టూడియో బల్ల మీద రెండు జతల క్రౌన్-పినియన్లు, పసుపు పేస్ట్ డబ్బా, చిన్న బ్రష్. చర్చలో ఒక యాక్సిల్ మెకానిక్, ఒక డీజిల్ మెకానిక్.)

యాంకర్: నమస్కారం. పెట్రోల్ ఇంజిన్ తీసి డీజిల్ వేసిన ఆఫ్‌రోడ్ ట్రక్కు రాళ్ల మీద అదరగొడుతుంది, హైవే ఎక్కితే మాత్రం చెవులు చిల్లులు పడతాయి. చర్చ గాల్లో తిరగకుండా ఒక బండి అనుకుందాం. కమిన్స్ 4బీటీ, అంటే 3.9 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్. ఎన్‌వీ4500 ఐదు గేర్ల గేర్‌బాక్స్. 33 అంగుళాల టైర్లు. వెనక డానా 60 యాక్సిల్, ముందు డానా 44 యాక్సిల్. యాక్సిల్ లోపల పళ్లచక్రాల జత ఉంటుంది: గేర్‌బాక్స్ వైపు నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ తిప్పే చిన్న పినియన్, చక్రాల్ని తిప్పే పెద్ద క్రౌన్. రెండింట్లోనూ అది 4.88 రేషియో, అంటే చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే షాఫ్ట్ 4.88 చుట్లు తిరగాలి. పాత ఇంజిన్‌కి సరిపోయిన 4.88 దీనికెందుకు పనికిరాదు?

డీజిల్ మెకానిక్: పెట్రోల్ ఇంజిన్‌కి మూడు వేల ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) అంటే ఇంకా పని మొదలైనట్టే. దీనికి ఆలోపే ఆఖరు. లాగే బలం 1,600 దగ్గర బాగా ఉంటుంది. రేటింగ్‌ని బట్టి 2,500, 2,800 మధ్య ఎక్కడో గవర్నర్, అంటే ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే భాగం, డీజిల్ కోసేస్తుంది. అంటే మనకి దొరికేది వెయ్యి, పన్నెండు వందల ఆర్పీఎం జాగా మాత్రమే. హైవే వేగం అందులో ఇమడాలి.

యాంకర్: లెక్క వేసి చూపిస్తారా?

యాక్సిల్ మెకానిక్: ముందు టైర్ మీద అచ్చేసిన 33ని పక్కన పెట్టండి. బండి బరువు పడ్డాక టైర్ కిందికి నొక్కుకుంటుంది. టైర్‌కీ నేలకీ సుద్దతో గీత గీసి, సరిగ్గా పది చుట్లు తోసి, టేపుతో కొలవండి. 25.5 మీటర్లు వచ్చిందనుకుందాం, చుట్టుకి 2.55. గంటకి 100 కిలోమీటర్లంటే నిమిషానికి 1,667 మీటర్లు. 2.55తో భాగిస్తే చక్రం 654 చుట్లు. దాన్ని 4.88తో గుణిస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ 3,190. నాలుగో గేర్ డైరెక్ట్ కాబట్టి ఇంజిన్ కూడా 3,190 తిరగాలి, గవర్నర్ తిరగనివ్వదు. ఐదో గేర్ 0.73, అందులో 2,330.

యాంకర్: అయితే ఐదులో వేసుకుని పోవచ్చుగా? యాక్సిల్ విప్పడం దేనికి?

డీజిల్ మెకానిక్: పోవచ్చు. 110 అన్నారంటే 2,560 అవుతుంది, ఇక మోతే మోత.

యాక్సిల్ మెకానిక్: అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. ఓవర్‌డ్రైవ్, అంటే ఆ ఐదో గేర్, ఇంజిన్‌ని నెమ్మదింపజేస్తుంది గానీ ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని కాదు. ఐదులో ఉన్నా షాఫ్ట్ ఆ 3,190 తిరుగుతూనే ఉంటుంది. లిఫ్ట్ చేసిన బండి, జాయింట్ల కోణం ఎక్కువ, ఇంజిన్ మార్చినప్పుడు గేర్‌బాక్స్ వంపు కూడా మారి ఉంటుంది. ఆ వణుకు తగ్గాలంటే షాఫ్టే నెమ్మదించాలి. 4.10 వేస్తే 100 దగ్గర షాఫ్ట్ 2,680కి దిగుతుంది, ఐదులో ఇంజిన్ 1,960కి వస్తుంది. నేను 4.10 అంటాను.

డీజిల్ మెకానిక్: నేను 3.73 అంటాను.

యాంకర్: అక్కడే తేడా వచ్చిందా! ఎందుకండీ?

డీజిల్ మెకానిక్: ఎక్కుడు వచ్చినప్పుడు ఏమవుతుందో చూడండి. 4.10తో 100లో వెళ్తూ నాలుగుకి దించితే 2,680. చాలా ఇంజిన్లలో గవర్నర్ తగిలేస్తుంది. అంటే ముందు వేగం పోగొట్టుకుని, 85కి పడ్డాక, అప్పుడు నాలుగు వేయాలి. 3.73తో అయితే 100 దగ్గర నాలుగో గేర్‌లో 2,440. గవర్నర్ కింద నిలబడుతుంది, ఎక్కుడంతా అదే వేగంతో లాగేస్తుంది. చదునులో ఐదో గేర్‌లో 1,780.

యాక్సిల్ మెకానిక్: ఆ 1,780 ఖాళీ బండికి బావుంటుంది. పైన రాక్, వెనక రెండు స్పేర్లు, ఎదురుగాలి ఉంటే? 80కి తగ్గారంటే ఐదో గేర్‌లో 1,420. ఇంజిన్ ముక్కుతూ మూలుగుతూ లాగుతుంది. 4.10తో అదే 80 దగ్గర 1,565.

డీజిల్ మెకానిక్: 80 దగ్గర ఐదు వేయమని ఎవరన్నారు?

యాక్సిల్ మెకానిక్: ఎవరూ అనక్కర్లేదండీ, జనం వేస్తారు.

డీజిల్ మెకానిక్: (నవ్వుతూ) అది ఒప్పుకోవాలి. డీజిల్ తక్కువ తాగుతుందని తక్కువ ఆర్పీఎంలో ఐదు పెట్టి తొక్కుతారు. అక్కడ టర్బో గాలి సరిపడా ఇవ్వదు, పంపు మాత్రం డీజిల్ పోస్తూనే ఉంటుంది. సైలెన్సర్‌లో నల్లపొగ, ఎగ్జాస్ట్ వేడి పైపైకి. టర్బోకి ముందు ప్రోబ్ పెట్టి చూస్తే 700 డిగ్రీలు దాటి నిలబడనివ్వొద్దు. ఆ గేజ్ లేకుండా ఇంజిన్ మార్చిన బండిని హైవే ఎక్కించడం నాకిష్టం ఉండదు. గేజ్ లేనప్పుడు నేను చెప్పేది ఒక్కటే, పెడల్ సగం పైన తొక్కినా వేగం పెరగట్లేదంటే గేర్ దించండి.

యాక్సిల్ మెకానిక్: గేర్‌బాక్స్‌కీ అదే విషం. ఈ బాక్స్‌లో ఐదో గేర్ మెయిన్ షాఫ్ట్ వెనక కొసన ఉంటుంది, నట్ మీదే ఆధారం. నాలుగు సిలిండర్ల డీజిల్ తక్కువ ఆర్పీఎంలో ఒక్కో దెబ్బ వేస్తుంటే గేర్‌ని షాఫ్ట్‌కి పట్టే గాడులు (స్ప్లైన్లు) ఆడి, నట్ మెల్లగా వదులవుతుంది, గేర్ వెనక్కి జరుగుతుంది. ఒకరోజు కర్ర ఐదులోకి పోతుంది, బండి మాత్రం కదలదు. బాక్స్ దించినప్పుడే బిగింపు స్క్రూ ఉన్న క్లాంప్ నట్ వేయించుకోండి. ఆయిల్ కూడా ఆ బాక్స్‌కి చెప్పిన జీఎల్-4 సింథటిక్ 75డబ్ల్యూ-85నే పోయాలి. యాక్సిల్ కోసం తెచ్చిన జీఎల్-5 మిగిలింది కదా అని పోయకండి.

యాంకర్: ఐదు నుంచి నాలుగుకి దించేటప్పుడు జాగ్రత్తలేమైనా?

డీజిల్ మెకానిక్: మంచి ప్రశ్న. కర్రని ఐదు నుంచి అడ్డంగా లాగితే మూడు తగులుతుంది. నాలుగు కావాలంటే ఐమూలగా కిందికి రావాలి. మూడో గేర్ 1.67. 4.10 బండి 100లో ఉండగా అది పడి క్లచ్ వదిలారో, ఇంజిన్ 4,470 దాటి తిరుగుతుంది. గవర్నర్ ఆపదా అంటారు. గవర్నర్ డీజిల్‌ని మాత్రమే కోస్తుంది, చక్రాలు ఇంజిన్‌ని తిప్పుతుంటే అది చేయగలిగిందేమీ లేదు. వాల్వులు పిస్టన్‌ని ముద్దాడతాయి. దించేటప్పుడు న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగి, కర్రని మధ్యకి రానిచ్చి, కిందికి లాగండి. పల్లంలో కూడా ఈ ఇంజిన్ పట్టు తక్కువ, పెట్రోల్ ఇంజిన్‌లా థ్రాటిల్ తలుపు ఉండదు. పొడుగు రేషియోతో ఇంకా తగ్గుతుంది. బ్రేక్ లైనర్లు మంచివి వేసుకోండి.

యాంకర్: రేషియో తగ్గిస్తే రాళ్లల్లో పాకడం పోతుందని చాలామంది భయం.

యాక్సిల్ మెకానిక్: మొదటి గేర్ 5.61, రెండు యాక్సిళ్లకీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌కి లో-రేంజ్ 2.72 అనుకోండి. 4.88తో మొత్తం 74, 4.10తో 62 చిల్లర. ఐడిల్ 800 దగ్గర గంటకి 1.6 కిలోమీటర్లు పాకేది 2 కిలోమీటర్లవుతుంది. డీజిల్‌కి ఐడిల్‌లోనే అంత బలం ఉంది, తేడా పట్టించుకోనక్కర్లేదు.

యాంకర్: పని దగ్గరికి వద్దాం. బల్ల మీద ఇవేంటి?

యాక్సిల్ మెకానిక్: ఇది 4.88, క్రౌన్‌కి 39 పళ్లు, పినియన్‌కి 8. ఇది 4.10, 41కి 10. పినియన్ తలలు పక్కపక్కన పెట్టి చూడండి, పది పళ్లది ఎంత లావుందో. లావు పినియన్ వస్తే క్రౌన్ పక్కకి జరగాలి. అందుకే డానా 60లో 4.10 దాకా ఒక కేజ్ (క్రౌన్‌ని బిగించే గూడు), 4.56 నుంచి పైకి ఇంకో కేజ్. మీ పాత కేజ్‌లో లాకర్ (రెండు చక్రాల్నీ కలిపి తిప్పేది) ఉంటే అది ఈ 4.10కి కూర్చోదు. డానా 44లో ఆ గీత 3.73కీ 3.92కీ మధ్య ఉంది, కాబట్టి 4.10కి ముందు యాక్సిల్‌లో పాత కేజే సరిపోతుంది. 3.73 వేస్తే ముందు, వెనక రెండూ కొనాలి. (డీజిల్ మెకానిక్ వైపు చూసి) ఆ ఖర్చు కూడా చెప్పాలి కదండీ.

డీజిల్ మెకానిక్: చెప్పారుగా.

యాక్సిల్ మెకానిక్: ఇంకోటి, వెనక ఒక్కటే మార్చి ముందుది తర్వాత చూద్దాం అనుకుంటే ఈలోపు ఫోర్‌వీల్ వేయకూడదు. రెండు యాక్సిళ్లూ చెరో వేగంతో తిరగబోయి ట్రాన్స్‌ఫర్ కేస్ పగులుతుంది. ముందు యాక్సిల్‌కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి పక్కన పెట్టడమే మేలు.

యాంకర్: ఈ పేస్ట్ సంగతి?

యాక్సిల్ మెకానిక్: (నాలుగు పళ్లకి పేస్ట్ పూస్తూ) పళ్లు ఎక్కడ తగులుతున్నాయో దీని అచ్చు చెబుతుంది. పలచగా పూయాలి. పినియన్‌ని గుడ్డతో పట్టి బరువిస్తూ క్రౌన్‌ని తిప్పాలి, ఊరికే తిప్పితే అచ్చు పడదు. ఇదిగో, ఉబ్బెత్తు వైపు చూడండి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు లోడు పడేది ఇటే. అచ్చు పన్ను మధ్యలో, మెత్తటి అంచులతో ఉంది. ఇది మంచిది. పన్ను మొదట్లోకి దిగిపోతే పినియన్ మరీ లోపలికెళ్లినట్టు, ఈ యాక్సిల్‌లో లోపలి బేరింగ్ కప్పు కింద షిమ్ (పలచటి రేకు) తగ్గించాలి. కొసన పడితే షిమ్ పెంచాలి. ఒక్కోసారి 0.05 మిల్లీమీటర్లే మార్చండి. పళ్ల మధ్య ఆట (ప్లే) డయల్ గేజ్ మీద 0.15 నుంచి 0.23 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, నాలుగు చోట్ల చూడాలి. బేరింగ్ టోపీలు విప్పే ముందు కుడి, ఎడమ గుర్తులు పెట్టుకోండి, మారిస్తే బేరింగ్ చంపినట్టే.

యాంకర్: బిగించాక నేరుగా హైవేకేనా?

యాక్సిల్ మెకానిక్: అస్సలు కాదు. మొదట 25 కిలోమీటర్లు తేలిగ్గా, 80 దాటకుండా, వేగం మారుస్తూ నడిపి, అరగంట చల్లారనివ్వాలి. అలా మూడు నాలుగు సార్లు. చల్లారడం అనేదే అసలు పని, కొత్త పళ్ల వేడి దిగకుండా లాగితే పైపొర కాలిపోతుంది. 800 కిలోమీటర్ల దాకా ట్రైలర్ వద్దు. ఆగినప్పుడల్లా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ని పినియన్ మూతి మీద పెట్టండి. హైవేలో 80, 100 డిగ్రీలు మామూలే. 120 దాటుతూ, వెనక మూత కంటే మూతి బాగా వేడిగా ఉంటే పినియన్ బేరింగ్ బిగువు ఎక్కువైంది.

యాంకర్: ఊళ వస్తే?

యాక్సిల్ మెకానిక్: తొక్కితేనే వస్తే పినియన్ లోతు అనుమానించండి. కాలు తీస్తేనే వస్తే పినియన్ నట్ వదులై ఉండొచ్చు. వంపు తిరిగితే మారే గురగుర చక్రం బేరింగ్‌ది, దానికి డిఫరెన్షియల్ విప్పకండి.

డీజిల్ మెకానిక్: స్పీడోమీటర్ మరిచిపోతారు. ఈ బండిలో అది ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక నుంచి వస్తుంది. షాఫ్ట్ నెమ్మదించింది కాబట్టి నిజంగా 100లో ఉన్నా మీటర్ 84 చూపిస్తుంది. ముల్లు 100 అందంటే మీరు 119లో ఉన్నారు. కిలోమీటర్లూ తక్కువ పడతాయి, మైలేజీ పడిపోయిందని ఇంజిన్‌ని తిడతారు. కేబుల్ చివరి ప్లాస్టిక్ గేర్ మార్చాలి, ఎలక్ట్రానిక్ అయితే పల్స్ సరిదిద్దాలి, జీపీఎస్‌తో పోల్చి చూసుకోవాలి. ఆ తర్వాత కూడా 100 దగ్గర ఆగితేనే లాభం. 110కి వెళ్తే గాలిని చీల్చడానికే మూడోవంతు ఎక్కువ పవర్ కావాలి, ఇంత ఎత్తు బండికి ఏ రేషియో వేసినా అది తప్పదు.

యాంకర్: ఆఖరుగా, 800 కిలోమీటర్లకి ఆయిల్ మార్చేటప్పుడు ఏం చూడాలి?

యాక్సిల్ మెకానిక్: అయస్కాంతం ఉన్న బోల్ట్‌ని విప్పి వేళ్ల మధ్య నలపండి. బూడిదరంగు ముద్ద మెత్తగా ఉంటే పళ్లు కుదురుకున్న పొడి, తుడిచేయండి. గోరుకి తగిలే పలుకు ఒక్కటి దొరికినా కొత్త ఆయిల్ పోయకుండా మూత విప్పి మళ్లీ పేస్ట్ పూయండి.