గుండె వాపుకి స్టెరాయిడ్ వేస్తే తగ్గుతుందా?

[స్క్రీన్ మీద: ఎకోలో నీరసంగా కొట్టుకుంటున్న గుండె]

జ్వరం వచ్చి తగ్గింది, కొన్ని రోజులకి ఆయాసం మొదలైంది, ఎకో తీస్తే పంపింగ్, అంటే గుండె తనలోని రక్తంలో ఒక్కో దెబ్బకి బయటికి నెట్టే వాటా, 25 శాతమే అన్నారు. దీన్నే మయోకార్డైటిస్ అంటారు, గుండె కండరానికి వాపు. చాలామందిలో వైరస్‌తోనే మొదలవుతుంది. కొందరిలో మాత్రం వైరస్ పోయాక కూడా ఇమ్యూనిటీ ఊరుకోదు, దొంగ పారిపోయాక ఇంటివాళ్లనే కర్రతో బాదే వాచ్‌మన్‌లాగా గుండె మీదే పడుతుంది.

మరి ఆ ఇమ్యూనిటీని మందులతో అణిచేస్తే సరిపోదా?

అమెరికా పరిశోధకులు అదే పరీక్షించారు, ఫలితాలు 1995లో వచ్చాయి. గుండెలోంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీలో వాపు కనిపించి, పంపింగ్ 45 శాతం లోపున్న 111 మందిని తీసుకుని చీటీలు వేసినట్టు విడదీశారు. అందరికీ మామూలు గుండె మందులు, కొందరికి వాటితో పాటు 24 వారాలు ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్, దానికి తోడు ఇమ్యూనిటీని అణిచే ఇంకో మందు, అజాథయోప్రిన్ గానీ సైక్లోస్పోరిన్ గానీ.

[స్క్రీన్ మీద: 25% నుంచి 34%]

28 వారాలకి సగటు పంపింగ్ ఇంత పెరిగింది. చప్పట్లు అప్పుడే కొట్టకండి, ఇది అందరిదీ కలిపిన లెక్క, స్టెరాయిడ్ వేసుకోనివాళ్లకీ వేసుకున్నవాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. బతకడంలోనూ అంతే. పోల్చడానికి ఆ మందు తీసుకోనివాళ్లే లేకపోయి ఉంటే, ఆ పెరిగిందంతా స్టెరాయిడ్ మహిమేనని మనం ఇప్పటికీ చెప్పుకుంటూ ఉండేవాళ్లం!

సరే, ఇక్కడితో కథ అయిపోవాలి. కాలేదు.

2009లో రోమ్‌లో ఫ్రుస్టాచి బృందం 85 మందితో మళ్లీ చేసింది. ఈసారి ఎవరిని పడితే వాళ్లని తీసుకోలేదు, ఆరు నెలలు దాటినా గుండె కోలుకోనివాళ్లు, పైగా గుండెలోంచి తీసిన ముక్కలో వైరస్ లేదని పరీక్షలో తేలినవాళ్లు మాత్రమే. ప్రెడ్నిసోన్, అజాథయోప్రిన్ ఆరు నెలలు వాడిన 43 మందిలో 38 మందికి గుండె మెరుగైంది. ఉత్తుత్తి మాత్రలు మింగిన 42 మందిలో ఒక్కరికీ కాలేదు.

మందులు కొత్తవేం కావు, మనుషుల్ని ఎంచుకున్న తీరే మారింది. వైరస్ ఇంకా లోపలే ఉంటే వాచ్‌మన్ చేతులు కట్టేయడం ప్రమాదం కదా. అయినా ఒకే చోట, 85 మందితో చేసిన పరీక్ష, అందులోనూ ఫలితం మరీ ఇంత ఏకపక్షం, నాకైతే కాస్త అనుమానమే.

జెయింట్ సెల్ అని అరుదైన, భయంకరమైన రకం ఒకటుంది. అందులో మాత్రం డాక్టర్లు ఈ తర్జనభర్జన పెట్టుకోరు, బయాప్సీలో తేలగానే ఇమ్యూనిటీని అణిచే మందులు మొదలుపెట్టేస్తారు.